మీరావలి పరుపు

మా అన్న మీరావలి నలభయ్యో నాటి ఫాతిహాకు వాడి చిన్ననాటి స్నేహితుడు బాబూరావు వస్తూ వెంట ఒక కొత్త మనిషిని తీసుకొచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, రిటైరైన పంతులు వాలకం. తనది బెల్లంకొండ అని, పేరు వెంకటేశ్వర్లని చెప్పాడు. నరసరావుపేటలో పొద్దున పూట గ్రౌండులో నడిచేటప్పుడు బాబూరావుతో పరిచయమట. మాచర్లలో మా మీరావలి పోయాడని మాటల్లో బాబూరావు చెబితే, ఏ మీరావలి, పరుపులు కుట్టేవాళ్ల అబ్బాయా అని ఈయన అడిగాడట. "మీ నాయనగారు కుట్టిన పరుపు మీద నేను రెండేళ్లు పడుకున్నానమ్మా," అన్నాడు నాతో, చెప్పులు విప్పుతూనే. ఆయన్ని ముందు గదిలో కూచోబెట్టి, ఫాతిహా చదవడం అయిందాకా నేను వంటగది గడప మీద కూచున్నాను. అన్న పోయిన రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. పత్రికాఫీసులో చాలా ఏళ్లు చావు వార్తలు దిద్దినదాన్ని. ఎవరు, ఎక్కడ, ఏం చేసేవారు, వెనక ఎవరెవరున్నారు. అన్న విషయంలోనూ నా బుర్ర ఆ వరసలోనే నడిచి, అక్కడే ఆగిపోయింది. పరుపు అన్న మాట విన్నాక కూడా లోపల ఏమీ కదలలేదు. ముక్కుకు మాత్రం అప్పుడే ఏకిన దూది వాసన తగిలింది.

మేము దూదేకులవాళ్లం. నాయన పేరు నాగూరు. ఊళ్లో అందరికీ పరుపుల నాగూరు సాయిబు. మా ఇంటి గోడలూ నేలా అన్నీ నాపరాయే. వేసవిలో పగలు కాలు మోపనిచ్చేది కాదు, చలికాలంలో పొద్దున్నే కాలు మోపబుద్ధయ్యేది కాదు. ముందు గది మొత్తం దూదిది. వెనక గది, వసారా మావి. నాయన నిద్ర లేవగానే మొహం కూడా కడుక్కోకుండా దూది ఏకే విల్లు దగ్గరికి వెళ్లి, దాని నరాన్ని వేలితో ఒకసారి మీటి చూసేవాడు. రాత్రి గాలికి చెమ్మ పట్టిందో లేదో ఆ శబ్దాన్ని బట్టి తెలిసేదట. టీ తాగాక ముక్కుకు గుడ్డ కట్టుకుని కూచుంటే మధ్యాహ్నం దాకా ఒకటే శబ్దం, కొయ్య సుత్తితో నరాన్ని కొట్టడం, నరం తగిలి దూది విడిపోయి గాల్లోకి లేవడం. అమ్మ అన్నం గిన్నెల మీద ఎప్పుడూ తడిగుడ్డ కప్పే ఉంచేది. అయినా మజ్జిగలో దూది పోగు తగలని రోజు నాకు గుర్తు లేదు. జేజి, అంటే నాయన తల్లి, వసారాలో కూచుని పాత పరుపుల దూదిలోంచి గింజలు ఏరుతూ, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, తిడుతూ ఉండేది.

నాయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా దూది మూట తెచ్చి గుమ్మంలో దించితే వెంటనే విప్పేవాడు కాదు. మూట మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు. పని ఎక్కువగా ఉండి కుదరకపోతే అప్పుడే చెప్పి పంపేసేవాడు. ఒకసారి ముడి విప్పాడంటే ఇంక ఆ పరుపు కుట్టి ఇవ్వాల్సిందే. జ్వరం వచ్చినా, మధ్యలో ఇంకెవరో పెళ్లి పరుపులని మొత్తుకుంటూ వచ్చినా ఆపడం కుదిరేది కాదు. దానికి కారణం నీతి కాదు, దూదే. విప్పి ఏకడం మొదలుపెట్టాక అది గదంతా పొంగుతుంది. దాన్ని మళ్లీ అదే మూటలో కుక్కి నీది నువ్వు తీసుకుపో అనడానికి లేదు. మా చుట్టాల్లో ఈ పని చేసేవాళ్లందరిదీ ఇదే వాడుక. నాయన దాన్ని పరుపులకే కాకుండా అన్నిటికీ వాడేవాడు. పిల్లను ఇస్తామన్నా, పొలం కౌలుకు తీసుకుంటామన్నా, "మూట విప్పా" అనేవాడు. అంతే, ఇంక దాని గురించి మాట్లాడేది ఉండదు.

అన్న హైస్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. ఇప్పటి పిల్లలకు ఆ ఆట చూపించాల్సి వస్తుంది గానీ, ఆ రోజుల్లో మా వైపు ప్రతి హైస్కూల్లోనూ రెండు గుంజలు, ఒక నెట్టు, పసుపు పచ్చ ఊలు బంతి ఉండేవి. వైపుకు ఐదుగురు. అన్న మధ్యలో నిలబడే సెంటర్. వాడి వెనక బాబూరావు. బాబూరావు వాళ్ల నాన్న నాపరాళ్ల క్వారీలో పని చేసేవాడు. వాడు సగం రోజులు మా ఇంట్లోనే తినేవాడు, అమ్మను పిన్నీ అని, నాయనను బాబాయ్ అని పిలిచేవాడు. ఆట అంటే నాయనకు మొదట్లో కోపం. ఒక రోజు అన్న బ్యాటు నరం తెగి, కొత్తది వేయించే దారి లేక వాడు వసారాలో మొహం వేలాడేసుకుని కూచున్నాడు. నాయన బ్యాటు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది మన నరమే గదరా," అన్నాడు. విల్లుకు వేయగా మిగిలిన నరం తీసి, తెగినంత మేరా తనే అల్లి, వేలితో మీటి చూసి ఇచ్చాడు. ఆ తర్వాత నాయన ఆట మానెయ్యమని అనడం నేను వినలేదు.

టెన్త్ పరీక్షలు రాసిన వేసవిలో గుంటూరు నుంచి ఒక కాలేజీ పి.డి. గారు మా ఇంటికొచ్చారు. అంటే అక్కడ ఆటలు నేర్పే మాస్టారు. జిల్లా పోటీల్లో అన్న ఆట చూశారట. ఇంటర్లో సీటు, హాస్టలు, తిండి అన్నీ కాలేజీదే, అబ్బాయి మాకు ఆడితే చాలన్నారు. అమ్మ కోడికూర, పలావు చేసింది. ఆయన దూది గదిలోనే చాప మీద కూచుని తిన్నారు. జేజి ఊరుకోలేదు.

"ఏందయ్యా, బంతాట ఆడితే అన్నం పెడతారా? పనీ పాటా లేదా మీ గుంటూర్లో?"

"పెడతాం అవ్వా. బాగా ఆడితే గుడ్డు కూడా పెడతాం," అన్నారు పి.డి. గారు.

"అట్టయితే నన్ను గూడా తీసుకుపో. గింజలేరీ ఏరీ నా చేతులు చానా గట్టిపడ్డయ్."

అందరూ నవ్వారు. నాయన మాత్రం ఎదురుగా కూచుని ఆయన తినడం అయిందాకా ఆగాడు. చేతులు కడుక్కున్నాక ఆయన, "అయితే మరి అబ్బాయి మా కాలేజీకేనా సాయిబు గారూ?" అని అడిగారు. నాయన, "మూట విప్పా సార్. ఇంక మీరు వేరే చూసుకోబళ్లా," అన్నాడు. ఆయనకు అర్థం కాకపోయినా తలూపారు. అన్న తలుపు పక్కన గోడకానుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ల చెంబు. వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు ఇళ్లల్లో అడిగేవాళ్లు కాదు, పెద్దవాళ్ల ముందు పిల్లలు తమంతట తాము చెప్పేవాళ్లూ కాదు. వెళ్లేటప్పుడు పి.డి. గారు, హాస్టల్లో మంచం ఇస్తాం గానీ పరుపు ఇంటి నుంచే తెచ్చుకోవాలన్నారు. నాయన మొహం వెలిగింది. మంచం వెడల్పెంత అని అడిగాడు. మామూలు ఇనప మంచమే అన్నారాయన. నాయన వదల్లేదు. ఆ వారంలోనే స్కూలు డ్రిల్లు మాస్టారు చేత గుంటూరు నుంచి కొలత తెప్పించాడు.

నాయన ఇంట్లోవాళ్ల కోసం కొత్త దూదితో కుట్టిన పరుపు అదొక్కటే. మేమంతా ఊరివాళ్ల పాత దూదిలో తీసేసిన దాని మీద పడుకున్నవాళ్లమే. నీలం చారల గుడ్డ. అంచులు నాయనే దబ్బనంతో కుట్టాడు. హాస్టల్లో పరుపులు మారిపోతాయని, మూల మీద పేరు కుట్టమని నాకు చెప్పాడు. నేను ఎర్ర దారంతో, సన్న సూదితో, కుట్టు కుట్టుకూ వెలుతురు చూసుకుంటూ మొదలుపెట్టాను. 'మీరా' వరకు అయిన సాయంత్రం అన్న గ్రౌండు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా దూది గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నాయనా, నేను గుంటూరు పోను."

విల్లు ఆగలేదు. కాసేపటికి ఆగింది.

కృష్ణ దాటాక ఒక ఊళ్లో కొత్తగా కాలేజీ పెట్టారు. వాళ్ల మనిషి మా ఇంటికి రాలేదు. నేరుగా ఆట కోర్టు దగ్గరికే వెళ్లి పిల్లల్నే అడిగాడు. అన్ననూ బాబూరావునూ ఇద్దరినీ తీసుకుంటామన్నాడు.

"గుంటూరు సారుకి మాటిచ్చాం గదరా," అన్నాడు నాయన.

"నువ్విచ్చావ్."

"ఒరేయ్, నాయనతో మాట్లాడే పద్ధతేనా అది?" అని జేజి వసారాలోంచి అరిచింది.

"తప్పన్లా జేజీ. నన్నెవరూ అడగలా అంటన్నా."

నాయన ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "బాబూరావుని గూడా తీసుకోమని అడుగుదాం సారుని," అన్నాడు.

"డ్రిల్లు మాస్టారు చేత అడిగించా. వాళ్లకి వెనకాడేవాళ్లు ఉన్నారంట. వాడు అక్కర్లేదంట."

"వాడు లేకపోతే ఆడలేవా నువ్వు?"

"ఆడలేను నాయనా. నేనొదిలిన బంతి వెనకాల వాడు తీస్తాడని తెలుసు నాకు. అది తెలవబట్టే ముందుకి పోతా. వాడు లేకపోతే నేను గూడా వెనకే నిలబడతా. అట్టాంటోడు వాళ్లకెందుకు?"

అన్న అంత పొడుగు మాట మాట్లాడటం మేమెవరం వినలేదు. "మూట విప్పా గదరా," అన్నాడు నాయన. తిట్టలేదు, కొట్టలేదు. అన్న అలాగే నిలబడి, తర్వాత వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. నేను సూది గుడ్డలోనే గుచ్చి లేచాను.

మర్నాడు పొద్దున నాయన పరుపు తిరగేసి చూశాడు.

"ఏమే సైదా, పేరు సగంలో ఆపావేందే?"

"అన్న పోవట్లేదు గదా నాయనా. విప్పేస్తాలే."

"విప్పొద్దు. పూర్తిచెయ్."

అమ్మకు అప్పుడు అర్థమైంది. "వాడు పోని చోటికి వాడి పరుపెందుకయ్యా?" అంది. నాయన, "మంచం కొలత తీసుకున్నా గదా," అన్నాడు. అదే జవాబు. మళ్లీ తనే, "మాటిచ్చింది ఆ పేరు మీద. మనిషి పోకపోయినా పేరన్నా పోవాలి గదా," అన్నాడు. నేను మిగిలిన సగం కుట్టాను. అప్పుడు నాకు ఏమనిపించిందో గుర్తు చేసుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ గుర్తు రాదు. ఎర్ర దారం ఉండ మాత్రం గుర్తుంది.

పరుపు చుట్టి, తాడుతో కట్టి, మీటర్ గేజి పాసింజరు ఎక్కాం. నాయన ఒక కొస, నేను ఒక కొస. నన్నెందుకు తీసుకెళ్లాడో చెప్పలేదు. అన్నను అడగలేదు కాబట్టి నేనే మిగిలాను. పిడుగురాళ్ల దాటాక టికెట్లు చూసేవాడు వచ్చి, పరుపు మీద తట్టి, "ఏంది సాయిబూ, పడుకుని పోతన్నావా గుంటూరు దాకా?" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నాయన, "పిల్లోడిది. హాస్టలుకి," అన్నాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. కిటికీ లోంచి మిరప కళ్లాల ఘాటు వచ్చింది, చాలామంది తుమ్మారు.

పి.డి. గారు కాలేజీ గ్రౌండులో పిల్లల చేత నెట్టు కట్టిస్తున్నారు. మమ్మల్ని చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. నాయన పరుపు నేల మీద ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ దాని మీద వేసి, మావాడు రావడం లేదు సార్ అని చెప్పాడు. వచ్చే దారంతా ఆ మాటను ఎలా చెప్పాలో చూసుకుంటూ నాయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. తీరా చెప్పింది అంతే.

"అయ్యో, ఈ మాట కోసం ఇంత దూరం ఎందుకొచ్చారు?" అన్నారు పి.డి. గారు. మంచి మనిషి. నిజంగానే నొచ్చుకున్నారు. "ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది గదా. ఇవన్నీ మామూలే సాయిబు గారూ. ఏటా కొందరు వస్తామని చెప్పి వేరేచోటికి పోతానే ఉంటారు. అందుకే మేం కావలసినవాళ్ల కన్నా ఎక్కువమందినే అడిగి పెట్టుకుంటాం."

నాయన ఆ మాట రెండోసారి చెప్పమన్నట్టు ఆయన వైపే చూశాడు.

"అంటే మావాడొస్తాడని మీరు అనుకోలా?"

"వస్తే మంచిదే అనుకున్నాం. మీ వాడి చోటికి బెల్లంకొండ అబ్బాయి ఉన్నాడుగా. ఏం ఇబ్బంది లేదు. మీరు మనసులో పెట్టుకోవాకండి."

ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన మనిషి నాయన. తిట్టేంత నష్టం అవతల ఎవరికీ జరగలేదు. మాట నిలబడకపోయినా అక్కడ ఖాళీ ఏర్పడకుండా ముందే ఏర్పాటు చేసి ఉంచారు. ఆట జరిపేవాళ్లకు అది తెలివైన పద్ధతే, ఇప్పుడు ఆలోచిస్తే తప్పు పట్టడానికేమీ కనిపించదు. నాయన పరుపు మీంచి ఒక చెయ్యి తీసి మొహం తుడుచుకుని, "మంచం ఎక్కడ సార్?" అన్నాడు. ఆయన హాస్టలు పిల్లాణ్ని తోడిచ్చి పంపారు. గదిలో వరసగా ఇనప మంచాలు. కిటికీ పక్కన ఖాళీగా ఉన్నదాని మీద నాయన పరుపు విప్పి పరిచాడు. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కాడు. పరుపు వేలెడు కూడా పక్కకు పోలేదు. "సరిపోయింది," అన్నాడు. బెల్లంకొండ అబ్బాయికి ఇవ్వమని చెప్పి బయటికొచ్చాం. తిరుగు బండి ఎక్కాం. నడికుడిలో బండి ఆగినప్పుడు నాయన, "ఎక్కువమందినే అడుగుతారంట," అన్నాడు, నాతో కాదు.

అన్న నది అవతలికి బొంత తీసుకుని వెళ్లాడు. పరుపుల వాళ్ల అబ్బాయి బొంత మీద పడుకుంటున్నాడని అక్కడ ఎగతాళి చేశారని బాబూరావు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. ఆ కాలేజీలో ఆట ఒక్క ఏడాదే నడిచింది. రెండో ఏడు యాజమాన్యానికి మోజు తీరిపోయి, కోర్టున్న చోట సైకిళ్ల షెడ్డు వేశారు. ఇంటర్ మాత్రం ఇద్దరూ పూర్తి చేశారు. బాబూరావు పొడుగు మనిషి, పోలీసు కానిస్టేబులయ్యాడు. అన్న వచ్చి నాయనకు ఎదురుగా రెండో విల్లు పట్టుకుని కూచున్నాడు. వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారని కాదు. దూది గురించి, గుడ్డ గురించి, వాన గురించి మామూలుగానే మాట్లాడుకునేవాళ్లు. గుంటూరు మాట ఒక్కటి రాలేదు. నాయన పోయిందాకా రాలేదు. నాయన ఆ తర్వాత కూడా మూటల మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు, ముడి విప్పేవాడు. కాకపోతే "మూట విప్పా" అన్న మాట పరుపులకు తప్ప ఇంకదేనికీ వాడగా నేను వినలేదు.

తర్వాత నేను పత్రికలో చేరాను. కొన్నాళ్లు ఆటల పేజీ చూశాను. ఆటగాళ్లు ఒక జట్టుకు ఒప్పుకుని ఇంకో జట్టుకు మారిపోయే వార్తలు వారానికొకటి వచ్చేవి. మొదట్లో అది పెద్ద శీర్షిక. తర్వాత చిన్న శీర్షిక. చివరికి వచ్చేసరికి వార్తే కాదు, ఒప్పందంలోనే తప్పుకోవడానికి ఒక పేరా ఉంటుంది, ఆ పేరా ప్రకారం తప్పుకుంటారు. కుర్ర సబ్‌ఎడిటర్లు కాలం మారిపోయిందని అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. అప్పుడూ అంతే, ఎక్కువమందినే అడిగేవాళ్లు. మారింది అవతలివాళ్లు కాదు, మూట విప్పామని నమ్మి రైలెక్కే మనిషి లేకుండా పోయాడు. అలాంటి మనిషి ఉండటం మంచిదా అంటే అదీ చెప్పలేను. అన్న పెట్టిన పరుపుల షాపులో విల్లు పోయి మిషనొచ్చింది, మిషను పోయి ఫోము పరుపులొచ్చాయి. కంపెనీ నుంచి ప్లాస్టిక్ తొడుగులో చుట్టుకుని వస్తాయి. అందులో విప్పి ఏకేది ఏమీ లేదు. నచ్చకపోతే వారంలో వెనక్కి తీసుకుంటారు కూడా.

ఫాతిహా అయ్యాక వదిన అందరికీ టీ ఇచ్చింది. వెంకటేశ్వర్లు గారు గ్లాసు పట్టుకుని నన్ను పిలిచారు. "ఆ పరుపు మూల మీద ఎర్ర దారంతో పేరుండేదమ్మా. మొదటి రోజే పిల్లలు చూశారు. అంతే, ఇంక నన్ను వెంకటేశ్వర్లని పిలిచినోడు లేడు. మెస్సులో మీరావలి, కోర్టులో మీరావలి. మా నాన్న చూడ్డానికొచ్చి మా వెంకటేశ్వర్లుని పిలవండయ్యా అంటే, అట్టాంటోడు ఇక్కడ లేడు పొమ్మన్నారంట."

అందరూ నవ్వారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏంది, అయితే మా ఆయన గుంటూర్లో గూడా చదివినట్టేనా?" అంది. నలభై రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

"చదివాడమ్మా, నాకన్నా ఎక్కువే చదివాడు," అన్నారాయన. "నేను వచ్చేటప్పుడు పరుపు మంచం మీదే వదిలేసి వచ్చా. తర్వాతొచ్చిన కుర్రాణ్ని గూడా మీరావలనే పిలిచారంట."

బాబూరావు అంతవరకు నేల వైపు చూస్తూ కూచున్నాడు. "నువ్వేం ఆడేవాడివి?" అని అడిగాడు.

"సెంటర్."

"నీ వెనకాల ఎవరు?"

వెంకటేశ్వర్లు గారు గుర్తు చేసుకోబోయారు. రాలేదు. "ఎవరో ఒకరు ఉండేవాళ్లు," అన్నారు. బాబూరావు తలూపాడు.

లేచి గొడుగు వెతుక్కుంటూ ఆయన మళ్లీ నా వైపు తిరిగారు. "ఒకటి అడుగుదామనుకున్నానమ్మా. ఆ పేరులో మొదటి సగం సన్నగా, దగ్గర దగ్గరగా, చూడముచ్చటగా ఉండేది. రెండో సగం వదులు వదులుగా, ఎటు పడితే అటు. హాస్టల్లో అనుకునేవాళ్లం, ఇద్దరు కుట్టారని. ఎవరెవరమ్మా?"

"రెండూ నేనే కుట్టానండీ," అన్నాను.

ఆయన నా చేతుల వైపు చూశారు. బాబూరావు గొడుగు తీసి ఆయన చేతికిచ్చి, పేట బస్సు టైమైందన్నాడు.